మిరప కల్లంలో రాక్ గొంతు

2000 శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో, అర్ధరాత్రి దాటాక, నేను మొదటిసారి రాక్ సంగీతం విన్నాను. దాన్ని రాక్ అంటారని అప్పటికి తెలీదు. మా వైపు వాళ్ళకి ప్రభల సంగతి చెప్పక్కర్లేదు గానీ, హైదరాబాదులో పుట్టి పెరిగినవాళ్ళ కోసం చెబుతాను. నరసరావుపేట, చిలకలూరిపేట చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పోటీలు పడి కర్రలతో ఎనభై తొంభై అడుగుల చట్రాలు కట్టి, అడుగునుంచి కొసదాకా రంగు బల్బులు బిగించి, త్రికోటేశ్వరస్వామి కొండ కిందికి లాక్కొస్తారు. ఒక్కో ప్రభకి ఒక్కో జనరేటరు, ఒక్కో మైకు సెట్టు, ముందు రికార్డింగ్ డాన్సు. పక్కపక్క ప్రభల పాటలు ఒకదాని మీద ఒకటి పడుతుంటే ఏ పాటా పూర్తిగా వినపడదు. బల్బులు నెమలి పింఛంలా విచ్చుకుంటాయి, చక్రాల్లా తిరుగుతాయి, ఒక్కసారిగా ఆరిపోతాయి. నిద్రలేని కళ్ళకి కాసేపటికి రంగులు వినపడుతున్నట్టూ పాటలు కనపడుతున్నట్టూ ఉంటుంది.

ఆ గోలలోంచి ఒక గొంతు వచ్చింది. బొంగురుగా, కాస్త ముక్కుతో, మాటల్ని సాగదీస్తూ. అది 'తమ్ముడు' సినిమాలో 'ట్రావెలింగ్ సోల్జర్' పాట. సినిమా అంతకు ముందు జులైలోనే వచ్చింది, పాట వినకుండా ఎలా ఉంటాను, అప్పటికే వందసార్లు విని ఉంటాను. కానీ పవన్ కళ్యాణ్ కోసం విన్నాను. ఆ రాత్రి తెర లేదు, హీరో లేడు. ఆ గొంతూ, కింద గిటారూ, నెత్తిన తిరుగుతున్న రంగులూ, అంతే.

సైకెడెలిక్ అన్న మాటని 1950ల్లో హంఫ్రీ ఆస్మండ్ అనే మానసిక వైద్యుడు రెండు గ్రీకు మాటలు కలిపి తయారుచేశాడు. మనసుని బయటపెట్టేది అని అర్థం. తర్వాత పదేళ్ళకి శాన్ ఫ్రాన్సిస్కో హాళ్ళలో గోడల మీద రంగునూనెల నీడలు ఆడిస్తూ, గిటార్లు గీరుతూ తెల్లవార్లూ వాయించిన కుర్రాళ్ళ సంగీతానికి ఆ పేరు అతుక్కుంది. 1966లో బీటిల్స్ వాళ్ళు 'రివాల్వర్' ఆల్బమ్ చివరి పాటకి అడుగున మన తంబూరా శ్రుతినే పరిచారు. కాలేజీ రోజుల్లో ఇవన్నీ చదివి, పింక్ ఫ్లాయిడ్ పోస్టరు గదిలో అంటించుకుని, అటువంటిది మనకెందుకు లేదా అని తెగ బాధపడ్డాను. తెలుగులో సైకెడెలిక్ రాక్ ఆల్బమ్ ఏదని ఇవాళ ఎవరన్నా అడిగితే నా దగ్గర సూటి జవాబు లేదు. దగ్గర్లో ఏముందని అడిగితే మాత్రం 'తమ్ముడు' క్యాసెట్టు అంటాను. నవ్వండి, ఫర్వాలేదు. చేసినవాళ్ళు దాన్ని అలా అనుకుని చేయలేదు. అది మోగిన చోటు దాన్ని అలా మార్చింది.

చేసినాయన రమణ గోగుల. విశాఖపట్నం మనిషి. సినిమాల్లోకి రాకముందు మిస్టీ రిథమ్స్ అనే బ్యాండుతో 1996లో 'ఆయే లైలా' అన్న ఆల్బమ్ చేశాడు. ఇండీపాప్ ఊపు మీదున్న రోజులవి. టీవీ పెడితే అలీషా చినాయ్, లక్కీ అలీ. వాళ్ళ మధ్యలో ఒక తెలుగువాడు హిందీలో పాడుతూ కనిపించాడు. ఇక్కడే నాకు మొదటి ముల్లు గుచ్చుకుంటుంది. సొంత బ్యాండు, సొంత ఆల్బమ్, హిందీలో. తెలుగులోకి వచ్చేసరికి సినిమా. 1998లో 'ప్రేమంటే ఇదేరా', 1999లో 'తమ్ముడు', 2000లో 'బద్రి'. తెలుగులో పాడాలంటే హీరో భుజం మీద చెయ్యి వేసుకునే రావాలి. ఆయనొక్కడికే కాదు, ఎవరికైనా అదే దారి.

ఆ గొంతు గురించి కాసేపు మాట్లాడాలి, ఎందుకంటే ఆ క్యాసెట్టులో నిలబడేది అదే. గిటార్ల మాటకొస్తే, ఇప్పుడు మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే చాలాచోట్ల పలచగా ఉన్నాయి, కీబోర్డు వాసన కొడతాయి. డ్రమ్స్ కూడా మనిషి కొట్టినట్టు కాక మిషను కొట్టినట్టు ఉంటాయి. గొంతు అలా కాదు. మనకి సినిమా పాట అంటే ఘంటసాల, తర్వాత బాలసుబ్రహ్మణ్యం. ఇద్దరూ మాటని పళ్ళెంలో పెట్టి ఇచ్చినట్టు ఇస్తారు. ప్రతి అక్షరం వినపడుతుంది, ప్రతి సంగతీ పడాల్సిన చోట పడుతుంది. అది మనకి ఎంత అలవాటైపోయిందంటే, పాడటమంటే అదే అనుకున్నాం. రమణ గోగుల సంగతుల జోలికి పోడు. స్వరాన్ని కింద నుంచి గీరుకుంటూ పైకి వెళతాడు, చేరకముందే వదిలేస్తాడు. ఒత్తులు తినేస్తాడు. 'వయ్యారి భామ' అంత పాతకాలపు మాటని తీసుకుని, అర్ధరాత్రి బస్టాండులో కూర్చుని తనలో తాను పాడుకునేవాడిలా పాడతాడు.

మా నాన్న మొదటిసారి విని, "ఏందిరా అబ్బాయ్, జలుబు చేసినోడి చేత పాడించారు" అన్నాడు. నాన్న ఘంటసాల మనిషి. ఆ మాట అప్పుడు కోపం తెప్పించింది. చాలా ఏళ్ళ తర్వాత ఆలోచిస్తే, ఆయన ఎంత సరిగ్గా పట్టుకున్నాడో అర్థమైంది. ఎందుకంటే మా ఊళ్ళో జనవరి నుంచి వేసవి దాకా అందరి గొంతూ అలాగే ఉండేది. మిరప కల్లాల్లో కాయలు ఎండబోసి, తాలు ఏరి, బస్తాలు తొక్కే రోజుల్లో ఊరంతా తుమ్ములూ దగ్గులే. ఆడవాళ్ళు ముక్కుకి కొంగు కట్టుకుని మాట్లాడేవాళ్ళు. గుంటూరు యార్డులో టిక్కీల మధ్య హమాలీలు ఒకళ్ళనొకళ్ళు పిలుచుకునే పిలుపుల్లో ఒక్క శుభ్రమైన స్వరం వినపడదు. మాకు బొంగురు గొంతు కొత్త కాదు. అది పాటలోకి రావడం కొత్త. ఏడాదిలో నాలుగైదు నెలలు నేను మాట్లాడే గొంతుతో ఒకాయన క్యాసెట్టులో పాడుతున్నాడు.

ఇది నా సొంత లెక్క, ఆయన ఉద్దేశం కాదని తెలుసు. ఆయన గొంతు అమెరికన్ రాక్ విని విని అలా తయారైంది, మాది మిరప ఘాటుకి. కానీ ప్రభ కింద నిలబడ్డవాడికి ఆ తేడా తెలీదు, అక్కర్లేదు కూడా.

ఆ క్యాసెట్టు వచ్చిన కాలం సంగతీ చెప్పాలి. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు 1987-88లోనే ఒకసారి దెబ్బతిని ఉన్నారు. ఆ ఏడు తెల్లదోమ. మళ్ళీ 1997-98లో పురుగు ఎగబడింది. మందు మీద మందు కొట్టినా చావలేదు. ఆ మందే తాగి రైతులు చనిపోయారు. వరంగల్ జిల్లా వార్తలు దేశమంతా తెలిశాయి, మా వైపు కూడా ఇళ్ళు ఖాళీ అయ్యాయి. ఆ ఏడాది మా ఇంట్లో తీసుకున్న నిర్ణయం చాలా ఇళ్ళల్లో తీసుకున్నదే: వీడు పొలంలోకి దిగకూడదు. నన్ను గుంటూరు దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చేర్చారు. తెల్లవారుజామున లేపి, రాత్రి పొద్దుపోయేదాకా చదివించే చోటు. పాటలు నిషేధం. వాక్‌మన్ దొరికితే వార్డెన్ లాక్కునేవాడు, నాది అలాగే పోయింది.

'ట్రావెలింగ్ సోల్జర్' సినిమాలో శిక్షణ పాట. తిరుగుబోతు తమ్ముడు, దెబ్బతిని మంచం పట్టిన అన్న కోసం కిక్ బాక్సింగ్ పోటీకి తయారవుతాడు. కారు చేతివేళ్ళ మీద నుంచి పోతుంది, ఒంటిని అన్నిరకాలుగా హింస పెట్టుకుంటాడు. 'జో జీతా వోహీ సికందర్' కథే, సైకిలు పోటీ బదులు కిక్ బాక్సింగ్. మా హాస్టల్లో ఆ పాట మనసులో పాడుకోని కుర్రాడు లేడు. ఇంటి దగ్గర ఎవరో దెబ్బతిని ఉన్నారు, మనం ఇక్కడ ఒళ్ళు హూనం చేసుకుని గెలిచి తీరాలి. సినిమా కథ అదే, మా కథా అదే. హీరో గెలుస్తాడని పాటలోనే తెలిసిపోతుంది. ఎంసెట్‌లో ఆ హామీ లేదు. నా పక్క మంచం కుర్రాడు సంక్రాంతికి ఇంటికెళ్ళి మళ్ళీ రాలేదు. ఎందుకు రాలేదని వార్డెన్ని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

'మేడ్ ఇన్ ఆంధ్రా స్టూడెంట్' అన్న పాటని కూడా నేను అక్కడి నుంచే వింటాను. పైకి అదొక సరదా కాలేజీ పాట. కానీ ఆ మాట ఎంత వింతగా ఉంది చూడండి. మేడ్ ఇన్ అన్న ముద్ర అప్పటికి మాకు టేపు రికార్డర్ల అడుగున, మేడ్ ఇన్ జపాన్ అని కనపడేది. వస్తువు మీద వేసే ముద్రని పిల్లాడి మీద వేశారు. ఎగుమతి సరుకు. సరిగ్గా ఆ ఏళ్ళల్లోనే వై టూ కె పుణ్యమా అని వీధికో కంప్యూటర్ కోర్సు బోర్డు లేచింది, మా ఊళ్ళ పిల్లలు మిరపకాయల్లాగే గ్రేడింగ్ అయి, బస్తాలకెత్తుకుని, ఓడలకి బదులు విమానాలెక్కారు. పాట రాసినప్పుడు ఇదంతా ఎవరూ ఆలోచించి ఉండరు. పాటలో ఉన్నదల్లా గర్వమే. ఇప్పుడు ఆ గర్వం వింటే నాకు కొంచెం గుబులుగా ఉంటుంది.

అభిమానిగా కాక విమర్శకుడిగా వింటే క్యాసెట్టులో తాలు కూడా ఉంది. 'లుక్ ఎట్ మై ఫేస్ ఇన్ ద మిర్రర్' అంటూ పూర్తి ఇంగ్లీషులో సాగే ఆ 'ట్రావెలింగ్ సోల్జర్' పాటే అప్పట్లో మాకు గొప్ప సాహసం. గుంటూరు హాల్లో, నేల టిక్కెట్టు జనం మధ్య ఇంగ్లీషు పాట మోగడం ఒక సంగతే. కానీ ఇప్పుడు వింటే ఆ ఇంగ్లీషు ఎవరి బతుకులోంచీ వచ్చినట్టు లేదు. చొక్కా మీద రాసుకున్న ఇంగ్లీషులా ఉంది. దానికంటే సునీతతో కలిసి పాడిన 'పెదవి దాటని మాటొకటుంది' వెయ్యి రెట్లు నయం. అందులో ఆయన గొంతు పక్కన సునీత గొంతు నునుపుగా, శిక్షణతో సాగుతుంది. ఒకరు మాట దాచుకుంటారు, ఒకరికి మాట గొంతులోనే చిక్కుకుంటుంది. రెండు గొంతుల తేడాయే పాటకి కథ. మర్నాటి 'బద్రి'లో 'ఏ చికితా' ఇంకో మెట్టు పైకి పోయింది. స్పానిష్ మాటనీ పల్లెటూరి ఉయ్యాల మాటనీ ఏ మొహమాటం లేకుండా పక్కపక్కన కూర్చోబెట్టింది. నాకు అదే ఎక్కువ రాక్‌గా తోస్తుంది. తంబూరా కింద గిటారు పెట్టిన బీటిల్స్‌కి ఎంత హక్కుందో, గిటారు మీద కొమ్మ ఉయ్యాల కట్టడానికి మనకీ అంతే హక్కుంది.

ఇక్కడ ఒక ప్రశ్న నన్ను చాలాకాలంగా తొలుస్తోంది. ఇంత విన్నాం, ఇంత ఊగాం, మరి ఆ క్యాసెట్టు విన్న ఊళ్ళల్లోంచి బ్యాండ్లు ఎందుకు పుట్టలేదు? బీటిల్స్ విన్న ప్రతి ఇంగ్లీషు ఊళ్ళోనూ నలుగురు కుర్రాళ్ళు కలిసి షెడ్డులో వాయించడం మొదలెట్టారు. మా వైపు బ్యాండ్ అంటే పెళ్ళి బ్యాండే. గిటారు కొనడానికి డబ్బుల్లేవు అనొచ్చు, అది కొంత నిజమే. కానీ సినిమాతో పనిలేకుండా పాట బతకడం ఈ నేలకి తెలియంది కాదు. పొన్నెకల్లు షేక్ నాజర్ బుర్రకథ దళం ముగ్గురే. కథకుడి చేతిలో తంబూరా, అటూ ఇటూ గుమ్మెటలు. ఒక శ్రుతి, ఒక లయ, మధ్యలో రాజకీయం, వేళాకోళం. ప్రజానాట్యమండలి రోజుల్లో ఆ ముగ్గురి ముందు ఊళ్ళకి ఊళ్ళు తెల్లవార్లూ కూర్చున్నాయి. రాక్ పత్రికలు పవర్ ట్రియో అని మురిసిపోయేది ఇలాంటి దళాన్నే కదా. అలాగే 'ఇండీ' అన్న మాట రాకముందే మనకి 'ప్రైవేటు రికార్డు' అన్న మాట ఉంది. గుంటూరు ఏసీ కాలేజీ మాస్టారు కరుణశ్రీ రాసిన 'పుష్పవిలాపం' పద్యాల్ని ఘంటసాల ప్రైవేటు రికార్డుగా పాడితే, సినిమా లేకుండా, హీరో లేకుండా ఇంటింటికీ వెళ్ళింది. మా నాన్నకి ఇప్పటికీ నోటికొచ్చు. అంటే జలుబు గొంతుని వెక్కిరించిన మా నాన్న, మా ఇంట్లో నాకంటే ముందు ఇండీ సంగీతం విన్నవాడు!

తేడా అట్ట మీద ఉందనుకుంటాను. 'పుష్పవిలాపం' పేరు చెబితే ఘంటసాల, కరుణశ్రీ గుర్తొస్తారు. 'తమ్ముడు' క్యాసెట్టు అట్ట మీద పవన్ కళ్యాణ్. ఆ పాట విన్న కుర్రాడికి తను ఎవరిలా అవ్వాలో అట్ట చెప్పేసింది. జుట్టు పెంచాడు, చేతికి తాడు కట్టాడు, కిక్ బాక్సింగ్ పోజులు పెట్టాడు. గిటారు పట్టుకున్న మనిషి ఎలా ఉంటాడో అట్ట మీద లేదు. నేను కూడా అంతే. రమణ గోగుల మొహం నేను పాట విన్న రెండేళ్ళకి చూశాను. సాంస్కృతిక ప్రభావం అంటే ఏమిటని అడిగితే, ఆ క్యాసెట్టుది చాలా పెద్దది, కానీ దాన్లో సంగీతం వాటా ఎంతో తేల్చలేను.

2003లో 'జానీ' వచ్చినప్పుడు ఆశపడ్డాను. పవన్ కళ్యాణే దర్శకుడు, హీరోకీ సంగీత దర్శకుడికీ మధ్య ఇంకెవరూ లేరు. ఆ ఆల్బమ్ తిక్కతిక్కగా ఉంటుంది, మంచి అర్థంలో. ఒక పక్క మాస్టార్జీ రాసిన వీధి పాట హీరో గొంతుతో, ఇంకో పక్క 1970 నాటి 'చిట్టి చెల్లెలు'లో సాలూరి రాజేశ్వరరావు కట్టిన 'ఈ రేయి తీయనిది' మళ్ళీ కొత్తగా హరిహరన్ గొంతుతో. 'తమ్ముడు'ని పాటల సంచీ అనొచ్చు, 'జానీ'ని ఆల్బమ్ అనొచ్చు. సినిమా ఘోరంగా పోయింది, దాంతో పాటే ఆల్బమ్ కూడా పోయింది. సినిమా పోయినా పాటలు బతకడం మనకి కొత్త కాదు గానీ, అంత ఎత్తున పడ్డ సినిమా కింద ఏదీ మిగల్లేదు. సొంత అట్ట ఉన్న ఆల్బమ్ అయితే ఇంకొకరి పరాజయం మోయాల్సిన అవసరం ఉండేది కాదు.

ఆ తర్వాత 'అన్నవరం', 'లక్ష్మి', 'యోగి'. 2013లో '1000 అబద్ధాలు' తర్వాత ఆయన సినిమాలకి దూరమై ఉద్యోగంలో, అమెరికాలో ఉండిపోయాడు. మేడ్ ఇన్ ఆంధ్రా స్టూడెంట్ అని పాడినాయన కూడా చివరికి అక్కడికే చేరాడు. ఈలోగా హైదరాబాదులో చౌరస్తా బ్యాండు వచ్చింది. 'ఊరెళ్ళిపోతా మామ' యూట్యూబులో విన్నప్పుడు ఇరవై ఏళ్ళుగా ఎదురుచూసింది దొరికినట్టనిపించింది. తెలుగులో, బ్యాండు పేరుతో, హీరో లేకుండా. రెగే లయ మీద ఎర్రబస్సు ఎక్కి ఊరికి పోతానంటున్న పట్నపు మనిషి. దాన్లో రామ్ మిరియాల గొంతు కూడా నున్నటి గొంతు కాదు, గీర ఉంది. తర్వాతేమైంది? 'జాతిరత్నాలు'లో 'చిట్టి', 'డీజే టిల్లు' టైటిల్ పాట. మంచి పాటలే, నాకూ ఇష్టమే. కానీ అట్ట మీదికి మళ్ళీ హీరో వచ్చేశాడు. ఇందులో ఎవర్నీ తప్పుపట్టలేను. పాట పాడేవాడికి ఇల్లు గడవాలి, తెలుగులో ఇల్లు గడిపే పాటకి ఒకే చిరునామా ఉంది. ఊరెళ్ళిపోతానన్నవాడు కూడా ఫిల్మ్‌నగర్‌కే వెళ్ళాడని ఒక స్నేహితుడు అన్నాడు. నవ్వొచ్చింది, తర్వాత బాధేసింది.

2025 సంక్రాంతికి రమణ గోగుల మళ్ళీ పాడాడు. 'సంక్రాంతికి వస్తున్నాం'లో 'గోదారి గట్టు', మధుప్రియతో కలిసి. సంగీతం భీమ్స్. ఆయనకి మొదటి సినిమా వెంకటేష్‌దే, ఈ పాటా వెంకటేష్‌కే. దర్శకుడు అనిల్ రావిపూడి మా ఉమ్మడి ప్రకాశం జిల్లా మనిషి, 'తమ్ముడు' క్యాసెట్టు మోగిన నేల. ఆ గొంతు ఎక్కడ పడితే పనిచేస్తుందో ఆయనకి బాగా తెలిసినట్టుంది. గిటార్లు లేవు, ఇంగ్లీషు లేదు, సోల్జరు లేడు. మొగుడు పెళ్ళాన్ని బుజ్జగించే పల్లె పాట. ఆ గీర మాత్రం అలాగే ఉంది, వయసుతో ఇంకొంచెం ముదిరింది. నేను పాట మొదలైన రెండో సెకనులో గుర్తుపట్టాను. అన్ని పాటల్లోంచి ఒక్క గొంతుని అలా ఏరుకోగలగడం నాకు ఈ మధ్య చాలా అరుదుగా జరుగుతోంది.

ఆ ఫిబ్రవరిలో శివరాత్రికి, చాలా ఏళ్ళ తర్వాత, కొండ కిందికి వెళ్ళాను. బల్బుల బదులు ఇప్పుడు ఎల్ఈడీలు, రంగులు మరీ పదునుగా ఉన్నాయి. ఒక ప్రభ మీంచి 'గోదారి గట్టు' వస్తోంది, పక్క ప్రభ మీంచి ఇంకేదో దాన్ని తొక్కేస్తోంది. నా ముందు నిలబడ్డ కుర్రాడు ఫోను పైకెత్తి వీడియో తీస్తున్నాడు. ఎవరు పాడారో తెలుసా తమ్ముడూ అని అడిగాను.

"ఎవరో కొత్త సింగరంట అన్నా," అన్నాడు ఫోను దించకుండానే. "గొంతు భలే ఉంది కదా."